పిన్‌బాల్ మెషీన్‌కి ఎల్ఈడీలు: ఏ బల్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాకు చిన్న ఐస్‌క్రీమ్ పార్లర్ ఉంది. హైదరాబాద్‌లో మూసేసిన ఒక గేమ్ పార్లర్ నుంచి మా మేనమామ విలియమ్స్ వాళ్ల 'హై స్పీడ్' పిన్‌బాల్ మెషీన్ కొని నాకిచ్చారు. ఆట బాగానే నడుస్తోంది కానీ సగం బల్బులు మాడిపోయి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పిన్‌బాల్ ఎల్ఈడీలు అని అమ్మేవి కొన్ని తెప్పించాను. విజయవాడ ఆటోనగర్ వెళ్లినప్పుడు బండి మీటర్లలో వేసే టీ10 ఎల్ఈడీలు కూడా కొన్ని తెచ్చాను. ఆటోనగర్ బల్బులు కొన్ని హోల్డర్లలో వెలిగాయి, కొన్నింటిలో అసలు వెలగలేదు. ఆన్‌లైన్‌వి మరీ తెల్లగా, కళ్లు చెదిరేలా ఉన్నాయి. బంతిని కొట్టే రెక్కలు, అంటే ఫ్లిప్పర్ల దగ్గర వెలుతురు అదురుతోంది. ఆరిపోవాల్సిన లైట్లు మసకగా వెలుగుతూనే ఉంటున్నాయి. మధ్యలో ఉన్న ఎర్ర సిగ్నల్ గులాబీ రంగులోకి మారింది. మా పాప పది నిమిషాలు ఆడి తలనొప్పి అంటోంది. మా బావమరిదేమో అన్నీ పీకేసి పాత బల్బులే పెట్టమంటున్నాడు. అసలు ఏ కంపెనీ ఎల్ఈడీ మంచిది? కరెంటు బిల్లు తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ఆటోనగర్ బల్బుల గురించి మీరు రాసిన మాట. ఒకే ప్యాకెట్లోంచి తీసిన బల్బు ఒక హోల్డర్లో వెలిగి ఇంకో హోల్డర్లో వెలగడం లేదంటే, ఆ రెండు హోల్డర్లకూ వచ్చే కరెంటు ఒకటి కాదన్నమాట. ఆ ఒక్క సంగతి పట్టుకుంటే మీ మిగతా ఇబ్బందుల్లో చాలావాటికి దారి దొరుకుతుంది. ఏ కంపెనీ మంచిది అనే ప్రశ్న దాని తర్వాతే అడగాలి. ఏ కంపెనీదైనా సరే, తప్పు చోట పెట్టిన బల్బు తప్పుగానే వెలుగుతుంది.

మీ మెషీన్ 1986లో వచ్చింది. విలియమ్స్ వాళ్లు సిస్టమ్ 11 అని పిలిచే బోర్డులతో చేసిన ఆట. అందులో బల్బులు మూడు వేర్వేరు సర్క్యూట్ల మీద నడుస్తాయి. ఆట మొదలైనా కాకపోయినా వెలుగుతూ ఉండేవి ఒక రకం. బంతి దొర్లే చెక్క, అంటే ప్లేఫీల్డ్ అంచుల్లో, ప్లాస్టిక్ ముక్కల కింద, వెనక పెట్టెలో బొమ్మ వెనకాల ఉంటాయి. వీటిని జనరల్ ఇల్యూమినేషన్, పొట్టిగా జీఐ అంటారు. వీటికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6.3 వోల్టుల ఏసీ వస్తుంది. రెండో రకం ఇన్సర్ట్ లైట్లు. బంతి దొర్లే చెక్కలో పొదిగిన రంగు ప్లాస్టిక్ బిళ్లల కింద ఉండి, ఆటను బట్టి వెలిగి ఆరుతుంటాయి. మూడో రకం ఫ్లాషర్లు, అంటే ఏదైనా పెద్ద షాట్ పడినప్పుడు భగ్గుమని మెరిసేవి.

ఇన్సర్ట్ లైట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో బల్బులు అమ్మేవాళ్లు దీన్ని సరిగ్గా చెప్పరు. మొత్తం 64 లైట్లను ఎనిమిది అడ్డ వరసలు, ఎనిమిది నిలువు వరసలుగా కలిపి ఉంచుతారు. బోర్డు ఒక్కో నిలువు వరసకు వంతులవారీగా కరెంటు ఇస్తుంది. అంటే ఏ బల్బుకైనా ఎనిమిదో వంతు సమయమే కరెంటు అందుతుంది. ఆ కొద్దిసేపట్లోనే ఫిలమెంట్ తగినంత వేడెక్కాలి కాబట్టి 6.3 వోల్టులు చాలవు, అందుకే 18 వోల్టులు ఇస్తారు. 18ని ఎనిమిది వర్గమూలంతో భాగించి చూడండి, 6.36 వస్తుంది. అంటే 6.3 వోల్టుల బల్బుకు రెండు చోట్లా దాదాపు ఒకే వేడి అందేలా లెక్క కట్టారు. ఫిలమెంట్ బల్బుకు ఈ తేడా తెలియదు. ఎల్ఈడీకి మాత్రం బాగా తెలుస్తుంది.

ఇప్పుడు మీ టీ10 బల్బుల దగ్గరికి వద్దాం. మెషీన్‌లో నేరుగా గుచ్చే గాజు అడుగు బల్బు నంబరు 555. దాని అడుగు, బండి మీటరు బల్బు అడుగు ఒకే కొలత, అందుకే అవి చక్కగా దూరాయి. కానీ బండి బ్యాటరీ 12 వోల్టులు. ఆ బల్బుల్లో సాధారణంగా మూడేసి ఎల్ఈడీ చిప్పులు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. తెల్ల ఎల్ఈడీ చిప్పు ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు కావాలి, మూడింటికి కలిపి 9. మీ జీఐ లైన్లో 6.3 వోల్టుల ఏసీ పైకి ఎగిసిన క్షణంలో కూడా 8.9 దాటదు. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు బల్బు లోపల ఉంటాయి, అవి అందులోంచి ఇంకో వోల్టున్నర దాకా మింగేస్తాయి. ఇక వెలగడానికి మిగిలేదేమీ ఉండదు. అదే బల్బును ఇన్సర్ట్ హోల్డర్లో పెడితే 18 వోల్టులు వస్తాయి కాబట్టి వెలుగుతుంది. మీరు చూసింది ఇదే అయి ఉంటుంది. కావాలంటే వెలగని హోల్డర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి చూసుకోండి, అంచుల్లోనూ వెనక పెట్టెలోనూ ఉంటాయి.

అయితే ఇన్సర్ట్‌ల కింద వెలుగుతున్నాయి కదా అని వాటిని అక్కడ ఉంచేయమని నేను చెప్పను. బండి మీటరు బల్బు వెలుతురును పక్కలకు చిమ్ముతుంది, మీకు కావాల్సింది నేరుగా పైకి కొట్టే వెలుతురు. మీరు చెప్పిన మసక వెలుగు సమస్యకు దానిలో ఏ మందూ లేదు. ఆటోనగర్లో దొరకని సామాను లేదన్నది నిజమే, కానీ ఈ పనికి మాత్రం 6.3 వోల్టులని రాసి ఉన్న పిన్‌బాల్ బల్బులే తీసుకోండి. నొక్కి తిప్పే హోల్డర్లకూ ఇదే వర్తిస్తుంది. మన ఇళ్లలో బల్బులాగే నొక్కి తిప్పే ఆ చిన్న రకాన్ని 44 లేదా 47 అంటారు. ఆ అడుగుతో 12 వోల్టుల బండి పార్కింగ్ బల్బులు కూడా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి.

ఫ్లిప్పర్ల దగ్గర వెలుతురు అదరడం, పాప తలనొప్పి – ఈ రెండూ ఒకే సమస్య అని నా అనుమానం. దీన్ని నేను అన్నిటికంటే ముందు పెడతాను. ఎల్ఈడీ ఒకవైపు నుంచి కరెంటు వస్తేనే వెలుగుతుంది. ఏసీలో కరెంటు దిక్కు మారుతూ ఉంటుంది. చవక ఎల్ఈడీలో దిక్కు సరిచేసే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉండదు, కాబట్టి అది సగం సమయమే వెలిగి, మిగతా సగం ఆరిపోయి ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్. అక్కడివాళ్లు 'ఈ బల్బు అదరదు' అని రాసిన మాట నమ్మి ఇక్కడ కొంటే మోసపోయే అవకాశం ఉంది, ఎందుకంటే 60 దగ్గర కంటికి ఆనని అదురు 50 దగ్గర ఆనవచ్చు. బ్రిడ్జ్ ఉన్న బల్బు సెకనుకు 100 సార్లు వెలుగుతుంది. దాన్ని చాలామంది కళ్లు గమనించలేవు.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి బల్బు విప్పి చూడనక్కర్లేదు. షాపులో లైట్లన్నీ ఆర్పేసి, మెషీన్ గ్లాసు మీద ఒక తెల్ల పెన్సిల్‌ను అటూ ఇటూ వేగంగా ఊపండి. ఫిలమెంట్ బల్బు వెలుతురులో పెన్సిల్ ఒకే మసక పట్టీలా కనిపిస్తుంది. అదిరే ఎల్ఈడీ కింద విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు నిలబడ్డట్టు కనిపిస్తాయి. ఆడేటప్పుడు బంతికి జరిగేది కూడా ఇదే. 27 మిల్లీమీటర్ల స్టీలు బంతి ఫ్లిప్పర్ నుంచి దూసుకుపోతుంటే కంటికి తెగిన చుక్కల్లా కనిపిస్తుంది. దాన్ని వెంబడించడానికి కళ్లు తంటాలు పడతాయి. పాపకు పది నిమిషాలకే తల నొప్పి వచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు. జీఐకి కొనేటప్పుడు 'ఏసీ/డీసీ' అని రాసి ఉందో లేదో చూడండి, రాసి ఉన్నా సరే ముందు ఒకటి తెచ్చుకుని పెన్సిల్ పరీక్ష పెట్టండి. ఇది తేలేదాకా ఫ్లిప్పర్ల చుట్టూ ఉన్న హోల్డర్లలో ఫిలమెంట్ బల్బులే పెట్టండి, పాపకు వెంటనే తేడా తెలుస్తుంది.

ఆరిపోవాల్సిన ఇన్సర్ట్‌లు మసకగా వెలగడాన్ని పిన్‌బాల్ వాళ్లు ఘోస్టింగ్ అంటారు. బోర్డు ఒక వరస నుంచి ఇంకో వరసకు మారే క్షణంలో పాత వరస తాలూకు కరెంటు కొద్దిగా జారి కొత్త వరసలోకి వెళ్తుంది. అది రెప్పపాటు కూడా కాదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టిన వెంటనే కాలదు కదా, ఫిలమెంట్ కూడా అంతే, ఆ కాస్త కరెంటుకు అది వేడెక్కదు. ఎల్ఈడీకి వేడెక్కడమనే పనే లేదు, అందిన కాస్త కరెంటుకే వెలుగుతుంది. అంటే ఈ లోపం బోర్డులో మొదటి నుంచీ ఉంది, ఫిలమెంట్ దాన్ని కప్పిపెట్టింది, అంతే. దీనికి విరుగుడుగా నాన్ ఘోస్టింగ్ అని అమ్మే బల్బులు ఉన్నాయి. ఆ జారిన కరెంటును తినేసే చిన్న రెసిస్టర్ లాంటి ఏర్పాటు వాటిలో ఉంటుంది. వాటికి ఎక్కువ ధర పెట్టాల్సింది ఇన్సర్ట్‌ల కింద మాత్రమే. జీఐలో ఘోస్టింగ్ ఉండదు కాబట్టి అక్కడ ఆ డబ్బు దండగ.

ఒక జాగ్రత్త. మసక వెలుగంతా ఘోస్టింగే అనుకోకండి. అనుమానమున్న హోల్డర్లో మంచి ఫిలమెంట్ బల్బు పెట్టి చూడండి. అప్పుడు సరిగ్గా ఆరిపోతే అది ఘోస్టింగ్. ఫిలమెంట్ కూడా వెలగకూడనప్పుడు వెలుగుతుంటే, లేదా ఒక లైటు వెలిగినప్పుడల్లా సంబంధం లేని ఇంకో లైటు కూడా వెలుగుతుంటే, హోల్డర్‌కు అతికిన చిన్న డయోడ్ పోయి ఉండాలి. 1ఎన్4004 అనే డయోడ్, ఏ ఎలక్ట్రానిక్స్ సామాను కొట్లోనైనా చాలా చవకగా దొరుకుతుంది. అతికించేటప్పుడు దాని మీద గీత ఉన్న వైపు పాతదానికి ఎటుందో అటే ఉండాలి. దాని గురించి తెలియక ఖరీదైన బల్బులు మార్చుకుంటూ పోయేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక ఎర్ర సిగ్నల్. హై స్పీడ్ ఆట మొత్తం ఆ ట్రాఫిక్ లైటు చుట్టూనే తిరుగుతుంది. టార్గెట్లు కొట్టి ఆకుపచ్చ నుంచి పసుపు, పసుపు నుంచి ఎరుపు చేయాలి, తర్వాత ఆ ఎర్ర లైటు దాటి ర్యాంపు ఎక్కి పారిపోవాలి. ఆ ఎరుపు నిజంగా ఎర్రగా ఉండకపోతే ఆటలో మజా పోతుంది. ఫిలమెంట్ వెలుతురులో ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువ, నీలం తక్కువ. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల కింద పెడితే నిండైన ఎరుపు వస్తుంది. కూల్ వైట్ ఎల్ఈడీలో నీలం పాలు ఎక్కువ, ఎరుపు తక్కువ, వెలుతురేమో గట్టిది. ఆ బిళ్ల మొత్తాన్నీ వడకట్టలేక కొంత తెలుపును పైకి వదిలేస్తుంది. ఎరుపులో తెలుపు కలిస్తే మీరు చూసిన గులాబీ వస్తుంది. ఎర్ర బిళ్ల కింద ఎర్ర ఎల్ఈడీ పెట్టండి. ఆకుపచ్చ కింద ఆకుపచ్చ. పసుపు దగ్గర మాత్రం ఈ సూత్రం పనిచేయదు. పసుపు ఎల్ఈడీలు చాలావరకు నారింజలోకి దిగుతాయి, అప్పుడు పసుపుకూ ఎరుపుకూ తేడా దూరం నుంచి తెలియదు. అక్కడ వార్మ్ వైట్, అంటే పాత బల్బులాంటి పసుపు ఛాయ తెలుపు పెట్టండి. నారింజ బిళ్లలకు కూడా వార్మ్ వైట్ బాగుంటుంది. నీలం బిళ్లలు ఏవైనా ఉంటే వాటికి నీలం ఎల్ఈడీ పెట్టి చూడండి, ఎందుకంటే నీలం విషయంలో పాత బల్బు ఎప్పుడూ నీరసమే. ఎల్ఈడీ పాత బల్బును నిజంగా మించిపోయే చోటు ఇదొక్కటి చెప్పమంటే చెప్తాను.

జీఐ మొత్తానికీ వార్మ్ వైట్ తప్ప ఇంకేదీ వద్దు. ప్యాకెట్ మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉండాలి. 6000, 6500 అని ఉంటే అది మన ట్యూబ్‌లైట్ తెలుపు. 1980ల నాటి బొమ్మలు ఫిలమెంట్ వెలుతురులో చూడటానికని వేసినవి. వాటి మీద ట్యూబ్‌లైట్ తెలుపు పడితే పసుపు పాలిపోతుంది, మనుషుల ముఖాలు రక్తం లేనట్టు కనిపిస్తాయి. మీ బావమరిదికి నచ్చనిది బహుశా ఇదే. ఆయన మాటలో సగం న్యాయముంది. పాత మెషీన్ అందం ఆ పసుపు వెలుతురులో ఉంది, దాన్ని చెడగొట్టకూడదు. మిగతా సగం ఒప్పుకోలేను, ఎందుకో కింద చెప్తాను.

వెలుతురు ఎంత ఉండాలనేది కూడా చోటును బట్టే. అమ్మేవాళ్లు ఎన్ని చిప్పులుంటే అంత గొప్ప అన్నట్టు రాస్తారు. ఆడేవాడి కంటికి నేరుగా కనిపించే బల్బులకు ఒకట్రెండు చిప్పులు చాలు, పైన పాలరంగు గుండు ఉండాలి. స్పష్టమైన గాజు గుండులో నాలుగు చిప్పుల బల్బు పెడితే ప్లేఫీల్డ్ మీది గ్లాసులో ప్రతి బల్బూ ఒక తెల్ల చుక్కై ప్రతిబింబిస్తుంది, దాని వెనక బంతి కనపడదు. వెనక పెట్టెలో బొమ్మకు కూడా పాలరంగువే కావాలి, లేకపోతే బొమ్మ మీద ఎక్కడ బల్బుందో అక్కడ మచ్చ పడుతుంది. ఇన్సర్ట్‌ల కింద గుండు అక్కర్లేదు, తల మీద చదునుగా ఉన్న ఒక చిప్పు బల్బు వెలుతురును నేరుగా బిళ్లలోకి కొడుతుంది. హోల్డర్ వంకరగా ఉండి వెలుతురు బిళ్లకు పక్కగా పోతున్న చోట మెడ వంగే ఫ్లెక్సిబుల్ రకం తీసుకోండి. అవి రెండు మూడు ఉంటే చాలు.

ఫ్లాషర్ల విషయంలో నా సలహా, ఇప్పటికి వదిలేయండి. వాటి బల్బులు వేరు, చాలా మెషీన్లలో 89 లేదా 906 నంబరు ఉంటాయి, అవి 13 వోల్టుల చుట్టుపక్కలవి. మీ మెషీన్‌లో ఎక్కడ ఏ నంబరో మాన్యువల్ వెనక బల్బుల పట్టికలో ఉంటుంది. ఫ్లాషర్ ఫిలమెంట్‌ను ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉంచడానికి ఆ సర్క్యూట్లో వార్మింగ్ రెసిస్టర్లు పెడతారు. అక్కడ ఎల్ఈడీ పెడితే ఆ కాస్త కరెంటుకే అది రోజంతా మసకగా వెలుగుతుంది. అలా కాకూడదంటే రెసిస్టర్ ఒక కాలు కత్తిరించాలి. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. పైగా ఎల్ఈడీ ఫ్లాషర్ మెరుపు కత్తిలా ఉంటుంది. మీది పిల్లలు వచ్చే షాపు. మూర్ఛ ఉన్నవాళ్లలో కొందరికి ఇలా వేగంగా మెరిసే వెలుతురు ఫిట్స్ తెప్పించవచ్చు. ఫిలమెంట్ ఫ్లాషర్ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, కళ్లకు కాస్త నయం. మెషీన్ పక్కన లైట్లు మెరుస్తాయని ఒక చిన్న బోర్డు పెట్టడం కూడా మంచిది. వెనక పెట్టె పైన తిరిగే పోలీసు లైటు బల్బు కూడా పాతదే ఉండనివ్వండి. దాని చుట్టూ తిరిగే అద్దానికి అన్ని వైపులా చిమ్మే వెలుతురు కావాలి, ఒకవైపే కొట్టే ఎల్ఈడీతో ఆ తిరుగుడు అందం రాదు.

కరెంటు బిల్లు గురించి. 44 నంబరు బల్బు పావు ఆంపియర్ తీసుకుంటుంది, అంటే 6.3 వోల్టుల దగ్గర ఒక వాటున్నర పైచిలుకు. జీఐలో యాభై బల్బులున్నాయని అనుకుందాం. దాదాపు 80 వాట్లు. ఎల్ఈడీలు పెడితే అది పది పదిహేను వాట్లకు దిగుతుంది. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే ఆదా అయ్యేది అర యూనిట్ పైన ఎంతో కొంత. మీ షాపులో డీప్ ఫ్రీజర్ ముందు అది లెక్కలోకి రాదు. బిల్లు కోసం ఎల్ఈడీ పెట్టకండి.

వేడి కోసం పెట్టండి. బావమరిదితో నేను విభేదించేది ఇక్కడే. ఆ 80 వాట్లలో దాదాపు అంతా వేడిగానే బయటికొస్తుంది. మీ ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు మూసిన చెక్కపెట్టెలో ఆ బల్బులన్నీ వెలుగుతుంటే బొమ్మ వెనక రంగు పెళుసుబారి పెచ్చులూడుతుంది, ప్లాస్టిక్ ముక్కలు వంకరపోతాయి. వేడి ఒక్కటే కాదు. యాభై బల్బులకు పన్నెండున్నర ఆంపియర్లు కావాలి. అదంతా ముప్పై తొమ్మిదేళ్లు దాటిన సన్నటి కనెక్టర్ పిన్నుల గుండా వెళ్లాలి. వెనక పెట్టె తలుపు తెరిచి, జీఐ వైర్లు బోర్డులోకి వెళ్లే తెల్ల కనెక్టర్లను ఒకసారి చూడండి. గోధుమరంగులోకి మారి ఉన్నా, ఒక పిన్ను దగ్గర నల్లబడి ఉన్నా అది మాడిపోతోందని అర్థం. అలా ఉంటే ముందు కనెక్టర్ మార్పించండి, తర్వాతే బల్బుల మాట. ఎల్ఈడీలు వేశాక కరెంటు రెండు ఆంపియర్ల చుట్టుపక్కలకు దిగుతుంది, కనెక్టర్లు బతికిపోతాయి. ఫ్యూజు పోతే మాత్రం మాన్యువల్లో ఉన్న ఆంపియర్ల కంటే పెద్దది ఎప్పుడూ వేయకండి.

ఫిలమెంటే కావాలని ఆయన పట్టుబడితే మధ్యేమార్గం ఉంది. 44 స్థానంలో 47 పెట్టండి. అదే అడుగు, అదే 6.3 వోల్టులు, కానీ 0.25 బదులు 0.15 ఆంపియర్లే తీసుకుంటుంది. వెలుతురు కొంచెం తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. ఫ్లిప్పర్ల పక్కన 47లు, వెనక పెట్టెలో వార్మ్ వైట్ ఎల్ఈడీలు, ఇన్సర్ట్‌ల కింద రంగును బట్టి నాన్ ఘోస్టింగ్ ఎల్ఈడీలు. నా మెషీన్ అయితే ఇలాగే చేస్తాను. చూడటానికి వచ్చినవాళ్లకు ఏది ఎల్ఈడీనో ఏది కాదో తేడా పట్టుకోవడం కష్టమవుతుంది.

ఇక కంపెనీ. పిన్‌బాల్ బల్బులే ప్రత్యేకంగా అమ్మే అమెరికా కంపెనీల్లో కామెట్, కాయిన్‌టేకర్ పేరున్నవి. వాళ్ల దగ్గర ఉన్న సుఖం, ఏ బల్బు ఏ అడుగుకు, ఎన్ని చిప్పులు, ఘోస్టింగ్ ఆపుతుందా లేదా అన్నది స్పష్టంగా రాసి ఉంటుంది. కొరియర్, కస్టమ్స్ కలిపితే ధర పెరుగుతుంది, కాబట్టి విడతలుగా తెప్పించుకుంటే నష్టం. అలాగని మెషీన్ మొత్తానికి కిట్ అని అమ్మేది ఒకేసారి కొనమని కూడా చెప్పను. ఆ కిట్లో ఎవరి అభిరుచో ఉంటుంది, చాలాసార్లు అది కళ్లు చెదిరే అభిరుచి. ముందు రకానికి రెండు చొప్పున నమూనాలు తెప్పించండి: పాలరంగు వార్మ్ వైట్ 44 అడుగుది, 555 అడుగుది, ఎరుపు, ఆకుపచ్చ, చదును తల వార్మ్ వైట్ నాన్ ఘోస్టింగ్ రకాలు. రాత్రి షాపు మూశాక, లైట్లు ఆర్పి, ఒక్కొక్కటీ పెట్టి చూడండి. పాపనూ బావమరిదినీ పక్కన నిలబెట్టుకోండి, ఎందుకంటే రంగు విషయంలో ఒక్కరి కళ్ల మాట నమ్మకూడదు. నచ్చినవి రాసుకుని, హోల్డర్లు లెక్కపెట్టి, పదో పరకో ఎక్కువ కలిపి ఒకేసారి ఆర్డర్ పెట్టండి. ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని బల్బులన్నీ చెత్త అని అనను, కొన్ని బాగానే ఉంటాయి. కానీ ఒకే అమ్మకందారు దగ్గర ఈ నెల వచ్చిన తెలుపు, వచ్చే నెల వచ్చే తెలుపు ఒకేలా ఉండవు. వెనక బొమ్మలో సగం ఒక రంగు, సగం ఇంకో రంగు అయితే చూడలేం.

బల్బులు మార్చే ముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపడం చాలదు. ప్లేఫీల్డ్ పైకి ఎత్తే ముందు బంతులు తీసేయండి, లేకపోతే దొర్లి వచ్చి గ్లాసో వేళ్లో పగలగొడతాయి. మెషీన్ ఆన్‌లో ఉండగా స్క్రూడ్రైవర్‌తో కింద ఏదీ కెలకకండి. అక్కడే ఫ్లిప్పర్ కాయిల్స్‌కు వెళ్లే 50 వోల్టుల వైర్లు ఉంటాయి, అది లైట్ల వైరుకు ఒక్కసారి తగిలితే బోర్డు మీద ట్రాన్సిస్టర్లు పోతాయి. హోల్డర్ లోపల తుప్పు పట్టి ఉంటే సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దండి. ఎల్ఈడీ ఉండి ఉండి ఆరిపోతుంటే పదిసార్లలో ఆరేడుసార్లు నేరం హోల్డర్‌ది. గుచ్చే రకం ఎల్ఈడీ అసలు వెలగకపోతే పారేయకండి, తీసి తిప్పి పెట్టండి, కొన్నింటికి ప్లస్, మైనస్ పట్టింపు ఉంటుంది.

ఇంకో మాట. మెషీన్ హైదరాబాద్‌లో నడిచిందంటే దాని ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులకు కలిపి ఉండాలి, లేదా పక్కన వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టి ఉండాలి. ఏది ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆయన వచ్చినప్పుడే ఒక జీఐ హోల్డర్ దగ్గర ఏసీ వోల్టేజీ కొలిపించండి. 6 నుంచి 6.8 మధ్య ఉంటే మంచిదే. 7 దాటితే ఫిలమెంట్లు త్వరగా మాడతాయి, ఎల్ఈడీలకూ ఆయుష్షు తగ్గుతుంది. వచ్చిన నాటికే సగం బల్బులు పోయి ఉన్నాయన్నారు కదా, కారణం ఇదేనేమో ముందు తేల్చుకోండి. వోల్టేజీ అలా ఎక్కువగా ఉంటే, లేదా సాయంత్రాలు మీ వీధిలో ఎక్కుతూ దిగుతూ ఉంటే, బల్బుల ఆర్డర్ కంటే ముందు మెషీన్‌కు ఒక స్టెబిలైజర్ కొనండి.